ఊదకుండా కూర్చున్న రోజు

నలభై ఏళ్లు తాండూరులో పెళ్లి బ్యాండు నడిపాను. ట్రంపెట్ ఊదేవాణ్ని. రెండేళ్ల కింద మానేశాను. పళ్లు కదలడం మొదలైతే ట్రంపెట్ వాడికి పని అయిపోయినట్టే. ఇప్పుడు బ్యాండులో ఉన్న కుర్రవాళ్లు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, మాస్టరూ, మీ కాలంలో ఎంత పెద్ద పెద్ద బరాత్‌లు చేశారో చెప్పండి అని అడుగుతుంటారు. లీడర్ల ఇళ్ల పెళ్లిళ్లు, దాల్ మిల్లు సేట్ల పెళ్లిళ్లు చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ ఒక్కలాగే ఉంటాయి నాయనా. ఒక గుర్రం, బోలెడు పటాకులు, తాగి కింద పడే మేనమామ ఒకడు. మీకు చెప్పదగ్గ రోజులు నా జీవితంలో రెండే ఉన్నాయి, అవి కూడా పక్కపక్క రోజులు. ఆ రెండు రోజుల్లోనూ పెళ్లి లేదు.

ముందు మన పద్ధతి ఒకటి గుర్తు చేస్తాను. డీజే బండ్లు వచ్చాక మీలో కొందరికి ఇది తెలియకపోవచ్చు. పెళ్లికొడుకు గడప దాటిన దగ్గర్నుంచి మండపం చేరేదాకా బ్యాండు ఆగకూడదు. ఒకడు ఊపిరి తీసుకుంటే ఇంకొకడు అందుకోవాలి. చప్పుడు ఆగిందంటే గుర్రం బెదిరిందనో, ఎవరో పడిపోయారనో, రెండు వైపుల వాళ్లు కలబడ్డారనో జనం అనుకుంటారు. ఆడవాళ్లు అపశకునం అంటారు. అందుకే ఎక్కడ ఖాళీ వినబడినా మొదట అందుకోవలసినవాడు మాస్టరు. మా గురువు నాకు ట్రంపెట్ చేతికివ్వడం కన్నా ముందు నేర్పింది ఇదే. నా పెళ్లి బరాత్‌లో ట్రంపెట్ ఆయనకు దగ్గొచ్చి ఆగితే, గుర్రం మీదున్న నేను వంగి లాక్కుని ఊదాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. నేను మానేయడానికి ముందు చలికాలంలో ఒక మధ్యాహ్నం స్టేషన్ రోడ్డులో మా బ్యాండు దుకాణం ముందు నిలబడింది. ఇరవై ఆరేళ్లుంటాయి. భుజానికి సంచి, చేతిలో గొడుగంత పొడుగున్న కాగితాల చుట్ట. లోపల ఎర్ర కోట్లు ఆరేసి ఉన్నాయి. వాటి కింద నుంచి వంగి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాస్టర్, మీరు నన్ను ఒకసారి తిట్టిండ్రు," అంది మొదటి మాటే.

"ఎప్పుడు బిడ్డా?"

"నవాబుపేట దిక్కు మా ఊరు. మా చర్చిల పెండ్లికి మీరొచ్చిండ్రు. నేను మూడో తరగతి. మీ ముంగట ఉల్టా నడుసుకుంట మీకు చేతులు ఊపిన. పక్కకు జరుగు పోరీ, కాళ్లల్ల పడతవ్ అన్నరు."

అనే ఉంటాను. బరాత్ ముందు చేతులు ఊపే పిల్లలు ప్రతి ఊళ్లోనూ పదిమంది ఉంటారు. కానీ ఈ పిల్ల ఊపడం మానలేదట. వాళ్ల నాయన ట్రాక్టరు డ్రైవరు, అమ్మ కందిచేలకు కూలికి పోయేది. వికారాబాద్‌లో చర్చి హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి పాటల బృందంలో పాడింది. ఒక క్రిస్మస్ నాడు పాట నేర్పే ఆయనకు జ్వరమొస్తే, పధ్నాలుగేళ్ల పిల్ల స్టూలెక్కి నిలబడి నలభై మంది పెద్దవాళ్లను నడిపించింది. అది చూసిన ఒక సిస్టరు చెన్నైకి పంపి వయొలిన్ నేర్పించింది. అక్కణ్నుంచి ముంబైలో పెద్ద ఆర్కెస్ట్రాలో సహాయకురాలైంది. హైదరాబాద్‌లో కుర్రవాళ్లను పోగేసి సొంతంగా ఒక ఆర్కెస్ట్రా పెట్టింది. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు ఆమె చెప్పింది ఒక్కటే: ఆర్కెస్ట్రాకు ముందు నిలబడి నడిపించడం తన పని.

నాకు అందులో గొప్ప కనబడలేదు. మన బ్యాండులో నడిపించేవాడు అందరికన్నా గట్టిగా ఊదాలి. ఏమీ వాయించకుండా పుల్ల పట్టుకుని నిలబడడం కూడా ఒక పనేనా అనుకున్నాను. ఇంచుమించు అలాగే అన్నాను కూడా.

ఆమె నవ్వి, వచ్చిన పని చెప్పింది. విదేశంలో పేరున్న ఆర్కెస్ట్రా ఒకటి. దాన్ని నడిపే పెద్దాయన తన దగ్గర రెండేళ్లు సహాయంగా ఉండడానికి ఒకరిని వెతుకుతున్నాడు. ప్రపంచమంతా గాలించి ముగ్గుర్ని మిగిల్చాడు. అందులో ఈమె ఒకతె. ఒక్కొక్కరు తమ చోట తమ మనుషులతో కచేరీ చేసి చూపించాలి, ఆయనే వచ్చి వింటాడు. శనివారం తాండూరు ఫంక్షన్ హాల్లో, ఆదివారం వికారాబాద్ చర్చిలో పెట్టుకుంది. మూడు వారాలే గడువు. ఆమె దగ్గర బాకాలు ఊదే నలుగురూ ప్రభుత్వ బ్యాండు వాళ్లు, సరిగ్గా ఆ రెండు రోజులే వాళ్లకు డ్యూటీ పడింది.

"పట్నంల వేరేటోళ్లు లేరా?"

"ఉన్నరు. అందరు మెల్లగ, భయపడుకుంట ఊదుతరు. నా చెవుల మీ చప్పుడున్నది మాస్టర్. ఇన్నేండ్లయినా పోలె."

పొగడ్త అని తెలిసినా పడిపోయాను. మా బావమరిది పెద్ద బాకా ఊదుతాడు. వాడు వెనక నుంచి "ఒప్పుకో బావా, ఊకెనే కూసున్నం గదా" అన్నాడు. ఇంకొక ట్రంపెట్ ఆయన, కన్నడ దేశం నుంచి వచ్చే ట్రాంబోన్ ఆయన కూడా సరేనన్నారు. అలా నలుగురం కుదిరాం.

సాధన కోసం నా స్నేహితుడి నాపరాళ్ల పాలిషింగ్ షెడ్డు అడిగాను. పొద్దంతా మిషన్లు నడుస్తాయి, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆపుతారు. ఆ గంటన్నర మాది. రాతి పొడి మా కోట్ల మీద, బాకాల మీద, ఆమె జుట్టు మీద తెల్లగా పేరుకునేది.

మాకు కాగితం మీద రాసిన సంగీతం చదవడం రాదు. ఆమె కాగితాలు పరిస్తే మా బావమరిది చాలాసేపు చూసి, "చీమలు పోయిన తొవ్వ లెక్క ఉన్నది" అన్నాడు. ఆమె వెంటనే చుట్టి సంచిలో పెట్టేసింది. ఒక్కొక్కరి ఎదురుగా కూర్చుని ఎవరి వంతు వాళ్లకు పాడి వినిపించింది. నాకు పాడేటప్పుడు గొంతు ట్రంపెట్ లాగే మోగేది. మా బావమరిదికి పాడేటప్పుడు గొంతు లావు చేసుకునేది. నలభై నిమిషాల సంగీతం, అరవై మంది వాయించేది, అంతా ఆమె తలలోనే ఉంది. నాకు నమ్మకం కుదరక పరీక్ష పెట్టాను.

"గిప్పుడు నేను ఊదుతున్న గదా, గప్పుడు ఫిడేళ్లోళ్లు ఏం జేస్తున్నరు?"

పాడింది.

"పిల్లనగ్రోవి?"

అదీ పాడింది.

"పెద్ద డ్రమ్ము?"

"ఆయన ఊకె కూసున్నడు మాస్టర్. ముక్కు గోక్కుంటున్నడు."

ఆ రోజు నుంచి నేను పరీక్షలు మానేశాను. ఇంటికి వెళ్లి మా ఆవిడతో, నేను ఇన్నేళ్లు మాస్టర్నని చెప్పుకు తిరిగాను, మాస్టరంటే ఎవరో ఇవాళ చూశాను అన్నాను.

ఊదడం మాకు వారంలో వచ్చేసింది. అసలు కష్టం కూర్చోవడంలో వచ్చింది. ఆ సంగీతంలో బాకాల వాళ్లకు చాలాసేపు పని ఉండదు. ఎనభై లెక్కలు ఊరికే ఉండి, ఎనభై ఒకటో లెక్కకు కొండ విరిగి పడ్డట్టు లేవాలి. మాకు ఊరికే ఉండడం తెలియదు. నేను ఇరవై దాకా లెక్కపెట్టి, ఖాళీ భరించలేక ఏదో ఒకటి ఊదేవాణ్ని. మా బావమరిది పదిహేను దాకా లెక్కపెట్టి నిద్రపోయేవాడు.

ఇంకొకరైతే విసుక్కునేవారు. ఆమె మాత్రం "బరాత్ ఎటునుంచి ఎటు తీస్కపోతరు?" అని అడిగింది. రైల్వే గేటు నుంచి మార్కెట్ యార్డు దాకా అని చెప్పాం. మర్నాడు పొద్దున్నే వచ్చి, మా నలుగుర్నీ ఆ దారిలో బాకాలు లేకుండా నడిపించింది. తను ముందు నడుస్తూ ఫిడేళ్ల పాట పాడుకుంటూ, "పాన్ డబ్బా దాక ఉత్తగ నడువుండ్రి. డబ్బా దాటంగనే లేపుండ్రి. మళ్ల మసీదు మలుపు దాక చప్పుడు జేయొద్దు," అంటూ ఆ నలభై నిమిషాలనూ మా తాండూరు రోడ్డు మీద పరిచేసింది. టీ కొట్ల దగ్గర జనం ఆగి చూశారు. ఒట్టి చేతులతో బ్యాండు వాళ్లు ఒక ఆడపిల్ల వెనక గంభీరంగా నడుస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. పుట్టి పెరిగిన వీధిలో అంత సంగీతం పడుతుందని నాకు తెలియదు. ఆ తర్వాత మేం లెక్క తప్పలేదు. కుర్చీలో కూర్చుని మనసులో పాన్ డబ్బా దాకా నడిచేవాళ్లం, సరిగ్గా అక్కడ లేపేవాళ్లం.

ఒక్క చోటు మాత్రం దారిలో పట్టలేదు. చివర్లో అరవై మందీ కలిసి పైకి, ఇంకా పైకి పోయి, ఒక్కసారిగా ఆగిపోతారు. నాలుగు లెక్కలు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత ముగింపు. ఆ ముగింపు బాకాలతోనే మొదలవుతుంది కాబట్టి ఆ నాలుగు లెక్కలూ ట్రంపెట్ పెదవుల మీదే ఉండాలి, ఊపిరి గుండెల్లో నిండి ఉండాలి, ఊదకూడదు.

"గది ఏ మలుపు కాడ బిడ్డా?" అన్నాను.

"గాడ తొవ్వ లేదు మాస్టర్. నిలబడుడే."

అంటూ మమ్మల్ని ఒంటిగంటకు పది నిమిషాల ముందే షెడ్డులోకి తీసుకెళ్లింది. మిషన్లు రాళ్లను కోస్తున్నాయి, పక్కవాడి మాట వినబడదు. ఒంటిగంటకు స్విచ్చి ఆపారు. చెవుల్లో గుయ్యిమంది, ఆ తర్వాత షెడ్డంతా ఎంత పెద్దదో అప్పుడే తెలిసింది. ఆమె వేలు పైకెత్తి, "గిదే నాక్కావాల్సింది," అంది.

వికారాబాద్‌లో మొత్తం ఆర్కెస్ట్రాతో రెండుసార్లు రిహార్సల్ అయింది. ఆ చోటు వచ్చేసరికి ఆమె ఎడమ చెయ్యి నా వైపు కాస్త చాపి ఉంచేది. నేను నిలబడేవాణ్ని. మొదటి వయొలిన్ వాయించే మేడమ్, హైదరాబాద్ ఆవిడ, గట్టి మనిషి, మమ్మల్ని మొదట పెళ్లివాళ్లను చూసినట్టు చూసినా, రెండో రోజు తన టిఫిన్ డబ్బాలోంచి మా బావమరిదికి పులిహోర పెట్టింది. అంతా బాగుంది.

శనివారం నాలుగింటికి తాండూరు ఫంక్షన్ హాలు నిండిపోయింది. మా ఊరి మాస్టరు తెల్ల చొక్కా వేసుకుని ఫిడేళ్ల మధ్య కూర్చున్నాడట, చూద్దాం పదండని దాల్ మిల్లుల వాళ్లు, రాళ్ల షెడ్ల వాళ్లు, నేను పెళ్లికి ఊదిన జంటలు పిల్లాపాపలతో సహా వచ్చారు. ముందు వరుసలో ఆ విదేశీ పెద్దాయన ఒక చిన్న పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె వచ్చి నిలబడింది. నల్ల బట్టలు, బక్క పిల్ల. చెయ్యి ఎత్తింది. అప్పటిదాకా పల్లీలు తింటున్న హాలు ఆగింది. నలభై ఏళ్లు నేను జనాన్ని ఎగిరించాను, ఎవర్నీ ఆపలేదు. ఆ చేతి కింద నేను కూడా ఒక వేలు అయినట్టు అనిపించింది. ఎటు తిప్పితే అటు వెళ్లాం. మా బావమరిది కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాను. వాడు వాళ్ల అక్క పెళ్లిలో కూడా ఏడవలేదు.

చివరికి ఆ చోటు వచ్చింది. పైకి పోయాం, ఇంకా పైకి పోయాం, ఆగాం.

నేను మీకు అబద్ధం చెప్పను. నాకు ఆమె చెయ్యి కనబడింది. ఆగమనే చెబుతోంది. కానీ ఎదురుగా నా ఊరి వాళ్ల ముఖాలున్నాయి. వందలమంది నన్ను చూస్తున్నారు, చప్పుడు లేదు, ఊపిరి నిండి ఉంది. బుర్ర ఏమీ అనలేదు. పెదవులు వాటి పని అవి చేశాయి. ఆ నిశ్శబ్దంలో నా ట్రంపెట్ ఒక్కటే, పెళ్లికొడుకు మండపం గడప దాటుతున్నప్పుడు ఊదే పొడుగు స్వరం, గోడలు అదిరేటట్టు లేచింది.

మా వాళ్లు చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఇది మాస్టరుకు ప్రత్యేకంగా పెట్టిన చోటని అనుకున్నారు పాపం. వాళ్ల చప్పట్లు నా చెంపల మీద పడుతున్నట్టే ఉంది. ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు. ఈలలు ఆగేదాకా, చప్పట్లు చల్లారేదాకా, ఆఖరి పల్లీ పొట్టు చప్పుడు పోయేదాకా ఆగి, అప్పుడు నాలుగు లెక్కలు మొదట్నుంచి ఇచ్చి, చెయ్యి దించింది. మేం ముగించాం. పెద్దాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

బయటికొచ్చి మొహం కడుక్కుంటుంటే వయొలిన్ మేడమ్ దగ్గరకొచ్చింది. కోపంగా లేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"మాస్టర్ గారూ, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ పెద్దాయన ఇప్పుడే ఆమెతో మాట్లాడాడు. రేపు ఆ ట్రంపెట్ ఆయన్ని పక్కన పెట్టు, తప్పు చేసినవాణ్ని తీసేయలేని మనిషి పెద్ద ఆర్కెస్ట్రాను నడపలేరు అన్నాడు. ఈమె కుదరదంది. ఆయన ముఖం మీదే అంది. మూడేళ్లు ఈ అవకాశం కోసం ఎంత కష్టపడిందో నేను చూశాను. మీరే ఏదో వంక చెప్పి రాకుండా ఉంటే ఆ పిల్ల బాగుపడుతుంది."

తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు. ఫోన్లో చెబితే ఆమె ఒప్పించేస్తుందని, ఎదురుగా చెప్పి వచ్చేద్దామని ఆదివారం మొదటి బండికే వికారాబాద్ వెళ్లాను. ట్రంపెట్ మాత్రం అలవాటుగా చేతిలోనే ఉంది.

చర్చిలో పొద్దుటి ప్రార్థన అయ్యేదాకా బయటే ఆగి, లోపలికి వెళ్లాను. ఆమె ఒక్కతే కుర్చీలు వేసుకుంటోంది.

"బిడ్డా, నాకు జరమొచ్చింది. నేను ఊదలేను," అన్నాను.

ఆమె వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "లేదు," అని మళ్లీ కుర్చీల దగ్గరకు పోయింది.

"నీకు దండం పెడుత. నేను మళ్ల ఊదుత. నా మూతి నా మాటినదు. నలభై ఏండ్ల అలవాటు. నీ బతుకు ఖరాబైతది. ఒక్క ట్రంపెట్ తక్కువైతే ఏమైతది?"

"ఊదేటికాడ ఏం కాదు మాస్టర్. రెండో ఆయన ఊదుతడు." కుర్చీ కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఊదనికాడనే మీరు కావాలె. ఊదొచ్చిన మనిషి, ఊపిరి పట్టుకున్న మనిషి, గాడ కూసొని ఊదకుంటెనే అది నిశ్శబ్దం. మీ కుర్చీ తీసేస్తె అది ఉత్త ఖాళీ. ఖాళీ జూపిచ్చి నౌకరి తెచ్చుకునుడు నాతోని కాదు."

"మరి ఆ పెద్దాయన..."

"ఆయన ఫికర్ నాది. మీరు జర ఈ బల్ల పట్టుండ్రి."

బల్ల పట్టాను.

నాలుగింటికి చర్చి నిండింది. ఆమె నాయన కొత్త తెల్ల అంగీ వేసుకుని వెనక బల్ల చివర కూర్చున్నాడు. పెద్దాయన ముందు వరుసలో పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాడు. నన్ను కుర్చీలో చూసి, మళ్లీ పుస్తకంలోకి చూశాడు. వయొలిన్ మేడమ్ కూడా నన్ను చూసి, తన వయొలిన్ శ్రుతి చేసుకుంది.

ఆ రోజు ఆమె నడిపించిన తీరు ఎలా చెప్పాలో నాకు చేతకాదు. ముందు రోజు బాగుంది అనుకున్నది మొదటి మెట్టు మాత్రమే. రాతి గోడల మధ్య ప్రతి స్వరం పుట్టి, పెరిగి, పెద్దదై పోవడం కనబడింది. ఆమె ఎక్కడా గట్టిగా ఊపలేదు. కొన్నిచోట్ల ఒక్క వేలితో అరవై మందిని లేపింది. కొన్నిచోట్ల చేతులు దించేసి వింటూ నిలబడింది, అయినా మేం ఆమె చేతిలోనే ఉన్నాం. దేవుడు కొందరి చేతులు తీరుబాటుగా చేస్తాడేమో అనుకున్నాను. ఆ చేతులకు ఎనిమిదేళ్లప్పుడు నేను పక్కకు జరగమన్నానని గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ చోటు వచ్చింది. పైకి పోయాం. ఆగాం.

ట్రంపెట్ పెదవుల మీద ఉంది. ఊపిరి గొంతు దాకా వచ్చి కొట్టుకుంటోంది. ఆమె ఎడమ చెయ్యి నా వైపు చాపుతుందేమో అని చూశాను. చాపలేదు. కుడి చెయ్యి పైకెత్తి, కళ్లు మూసుకుని నిలబడింది.

నిన్న తన పరువు తీసినవాడి ముందు కళ్లు మూసుకుంది. నన్ను కాపలా కాయలేదు. అంత నమ్మకం నా మీద మా అమ్మ కూడా పెట్టుకోలేదు. ఒకటి. వేళ్లు బిగించాను. రెండు. చర్చిలో మూడు వందలమంది ఉన్నారు, ఒక్కరు కూడా లేనట్టుంది. మూడు. ఆ నిశ్శబ్దం బరువుగా, నిండుగా, అరవై మంది మోస్తున్నట్టు ఉంది, అందులో నా పాలు నేను మోస్తున్నాను. నలభై ఏళ్లు నేను దేన్ని చూసి భయపడి పూడ్చానో అది ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నాలుగు. చెయ్యి దిగింది. మేం ఊదాం.

జనం లేచి నిలబడ్డారు. పెద్దాయన లేవలేదు. చప్పట్లు ఆగాక పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, నెమ్మదిగా వచ్చి ఆమెతో ఏవో నాలుగు మాటలు అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. వయొలిన్ మేడమ్ పరిగెత్తుకొచ్చి చెప్పింది: వానాకాలం పోయాక వచ్చి చేరమన్నాడు, మిగతా ఇద్దరి కచేరీలకు ఇక వెళ్లనన్నాడు. మా బావమరిది పెద్ద బాకా కింద పెట్టి మేడమ్‌కే దండం పెట్టాడు.

ఆమె కోసం వెతికాను. చర్చి పక్క మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, అవి వణుకుతున్నాయి. అంతసేపు వెంట్రుకవాసి కదలని చేతులు, జ్వరం వచ్చినదాని చేతుల్లాగా వణుకుతున్నాయి. పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, ఒక్క మాట చెప్పు. నన్ను నమ్మి కండ్లు మూసుకున్నవ్. అంత నమ్మకం ఎట్లొచ్చింది?"

ఆమె నా వైపు చూసింది. నవ్వబోయింది, ఏడుపొచ్చింది.

"నమ్మకం కాదు మాస్టర్. భయం. మీరు ఊదుతరేమోనని సూడలేక మూసుకున్న."

ఊదుతానేమో అని అంత భయపడుతూ కూడా, ఎవరెన్ని చెప్పినా, నా కుర్చీ తీయలేదు ఆ పిల్ల. ఆమె తల మీద చెయ్యి పెట్టి, చేతులు కుదుటపడేదాకా ఇద్దరం ఆ మెట్ల మీద అలాగే కూర్చున్నాం.